చెక్కు రెడీ... మనిషి ఎక్కడ?

మీకు తెలుసా? అమెరికా పల్లెల్లో కరెంటు బిల్లు కట్టిన 20 ఏళ్లకి "అప్పట్లో ఖర్చులు పోను మీ సొమ్ము కాస్త మిగిలింది, ఇదిగోండి" అని చెక్కు పంపే సంస్థలున్నాయి. ఒకటీ అరా కాదు, 900 దాకా ఉన్నాయి! కరెంటాఫీసు నుంచి కవరొస్తే పాత బకాయేమోనని గుండె గుభేల్మనే మనకు, ఆ కవర్లో చెక్కు ఉంటుందంటే నమ్మబుద్ధవుతుందా?

అంతకన్నా వింత! ఆ చెక్కుల్లో కొన్నింటిని పుచ్చుకునే నాథుడే ఉండడు. ఇల్లు మారినవాళ్లు, ఊరు మారినవాళ్లు, ఏకంగా లోకమే మారినవాళ్లు... చెక్కు మాత్రం ఊళ్లు తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే వచ్చి కూర్చుంటుంది. మరి ఆ బేవారసు సొమ్ము ఎవరిది? సొసైటీదా, సర్కారుదా, ఊరి పిల్లలదా? రాష్ట్రానికో జవాబు ఉంది. పదండి, ఒక్కొక్కటీ విప్పుదాం!

ముందు ఈ సంస్థలేమిటో చూద్దాం. వీటిని ఎలక్ట్రిక్ కోఆపరేటివ్‌లు అంటారు. మన పాల సొసైటీ ఎలాంటిదో ఇదీ అలాంటిదే. పాలకు బదులు కరెంటు, అంతే తేడా. 48 రాష్ట్రాల్లో దాదాపు 4 కోట్ల 20 లక్షల మందికి వెలుగునిస్తున్నాయి. దేశం భూభాగంలో సగానికి పైగా వీటి తీగల కిందే ఉంది!

మీకు తెలుసా? ఆ తీగల పొడవు సుమారు 27 లక్షల మైళ్లు. ఒకదానికొకటి ముడేసుకుంటూ పోతే ఇక్కణ్నుంచి చందమామ దాకా 11 సార్లు సాగదీయొచ్చు. చందమామలో కుందేలుకి కూడా మీటరు బిగించేయొచ్చన్నమాట!

ఇవి ఎలా పుట్టాయంటారా? 1930ల మధ్యలో అమెరికా పట్నాల్లో 10 ఇళ్లకు 9 ఇళ్లలో బల్బులు వెలిగేవి. పొలాల్లోనో? 10 ఇళ్లకు ఒక్కటే! దూరదూరంగా ఉన్న కొంపలకు తీగ లాగితే గిట్టుబాటు కాదని ప్రైవేటు కంపెనీలు చేతులెత్తేశాయి. 1935 మే 11న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ గ్రామీణ విద్యుదీకరణ సంస్థను పెట్టి అప్పులివ్వడం మొదలెట్టారు. రైతులే సంఘాలు కట్టి, గోతులు తవ్వి, స్తంభాలు నిలబెట్టుకున్నారు. 1950ల నడిమికల్లా 10కి 9 పొలాల్లో వెలుగే వెలుగు!

మీకు తెలుసా? ఇదంతా ఒక కరెంటు బిల్లు చూసి కడుపు మండటంతో మొదలైందని చెప్పింది స్వయంగా రూజ్‌వెల్టే! జార్జియాలోని వార్మ్ స్ప్రింగ్స్‌లో ఆయనకో చిన్న కుటీరం ఉండేది. అక్కడ యూనిట్‌కు 18 సెంట్లు, అంటే న్యూయార్క్‌లోని సొంతింటి రేటుకి దాదాపు 4 రెట్లు. 1938 ఆగస్టు 11న బార్న్స్‌విల్ అనే ఊళ్లో ఒక కరెంటు సొసైటీని ప్రారంభిస్తూ ఆయనే ఈ కథ చెప్పారు. బిల్లు చూసి తిట్టుకునేవాళ్లం మనమందరం. బిల్లు చూసి దేశమంతా దీపాలు వెలిగించినవాడు ఆయనొక్కడే!

ఇంకో అధ్యక్షుడి సంగతి. టెక్సాస్ కొండల్లో ఇళ్లు మరీ పలచన. మైలుకు కనీసం ముగ్గురు వినియోగదారులుండాలన్న నిబంధనకు ఆ ప్రాంతం తూగలేదు. అప్పటికి కుర్ర ఎంపీగా ఉన్న లిండన్ జాన్సన్ నేరుగా రూజ్‌వెల్ట్ దగ్గరికే వెళ్లి పని సాధించుకొచ్చాడు. అలా 1938లో పుట్టిన పెడర్నేలెస్ సొసైటీకి ఇవాళ 4 లక్షలకు పైగా మీటర్లు. కరెంటు సొసైటీల్లో దేశంలోకెల్లా పెద్దది! మైలుకు ముగ్గురు దొరకని చోట 4 లక్షలు!

ఆ రోజుల్లో చేరడానికి సభ్యత్వ రుసుము ఎంతో తెలుసా? చాలాచోట్ల 5 డాలర్లు. కట్టినవాడు వినియోగదారుడు కాదు, యజమాని! వెయ్యి యూనిట్లు కాల్చినా ఒకటే ఓటు, పది యూనిట్లు కాల్చినా ఒకటే ఓటు. ఏసీలు ఎన్నున్నా పలుకుబడి మాత్రం సమానం!

ఇక అసలు కిటుకు. ఈ సొసైటీలు లాభానికి నడవవు. ఏడాది చివర ఖర్చులన్నీ పోను ఏమైనా మిగిలితే ఆ మిగులు సభ్యులదే. ఎవరెంత కరెంటు వాడారో ఆ దామాషాలో వాళ్ల పేర్ల మీద రాసేస్తారు. దీన్నే కేపిటల్ క్రెడిట్ అంటారు. ఉదాహరణకు మీరు ఏడాదిలో 1,500 డాలర్ల బిల్లు కట్టారనుకుందాం. సొసైటీకి 100 డాలర్లకు 6 మిగిలాయనుకుందాం. మీ పేరు మీద 90 డాలర్లు పడతాయి. సంక్రాంతికి పాల సొసైటీవాళ్లు బోనస్ ఇచ్చినట్టే!

కానీ ఆగండి, చెక్కు వెంటనే రాదు! ఆ 90 డాలర్లతో సొసైటీ స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు కొనుక్కుంటుంది. పాలకవర్గం వీలు చూసుకుని పాత సంవత్సరాల లెక్క ముందుగా తీరుస్తుంది. పదేళ్లు పట్టొచ్చు, ఇరవై పట్టొచ్చు, ముప్ఫయ్యీ పట్టొచ్చు. వడ్డీ ఉండదు. మీరు పెళ్లైన కొత్తలో కట్టిన బిల్లు తాలూకు చెక్కు మీ అమ్మాయి పెళ్లి నాటికి చేతికొస్తుందన్నమాట!

మీకు తెలుసా? ఇల్లు మారామని చెబితే అమెరికా తపాలా శాఖ మామూలు ఉత్తరాలను కొత్త చిరునామాకు పంపేది 12 నెలలే. చెక్కు రావడానికేమో 20 ఏళ్లు. 12 నెలలకీ 20 ఏళ్లకీ మధ్య ఉన్న ఈ అగాధంలోనే కోట్ల డాలర్లు పడి మాయమవుతున్నాయి!

ఆ కవరుని ఒక్కసారి దగ్గరగా చూడండి. పొడుగు కవరు, కిటికీలోంచి కనిపిస్తున్న పేరు, పాత పొలం దారి చిరునామా. దాని మీద అడ్డంగా అంటించిన పసుపు రంగు స్టిక్కరు. స్టిక్కరు మీద మూడు ముక్కలు: పంపినవారికి వాపసు, చిరునామాలో లేరు, ముందుకు పంపే వీలు లేదు. లోపల చెక్కు మడత కూడా విప్పలేదు. అలాంటి కవర్లు కట్టలు కట్టలుగా తిరిగొస్తాయి. సొసైటీ గుమస్తా ఒక్కో పేరుకీ ఫోన్ నంబరు వెతకాలి, బంధువుల్ని వాకబు చెయ్యాలి, ఉత్తరం రాయాలి. డబ్బిస్తామంటూ మనుషుల కోసం గాలించే ఉద్యోగం ఇంకెక్కడైనా చూశారా!

ఊరు విడిచి వెళ్లిపోతే హక్కు పోతుందా? పోదు! 1972 నాటి ఒక రెవెన్యూ రూలింగ్‌లో అమెరికా ఆదాయపు పన్ను శాఖ ఈ మాట స్పష్టంగా చెప్పింది. సభ్యత్వం మానుకున్నంత మాత్రాన పేరు మీద రాసిన మిగులు రద్దయిపోకూడదు, సభ్యులందరి లెక్కలూ సొసైటీ భద్రంగా ఉంచాలి. లేదంటే పన్ను మినహాయింపుకే ఎసరు. కనెక్షన్ పీకినా హక్కు పీకలేరు!

పన్ను మినహాయింపు అన్నాం కదా, దానికో లెక్కుంది. సొసైటీ ఆదాయంలో కనీసం 85 శాతం సభ్యుల నుంచే రావాలి. 2017లో పన్ను చట్టం మారాక ఒక విడ్డూరం జరిగింది. తుపానులో స్తంభాలు కూలిపోయి ప్రభుత్వ సాయం తీసుకుంటే అది బయటి ఆదాయం కింద లెక్కపడి మినహాయింపు ఎగిరిపోయే పరిస్థితి వచ్చింది. గాలివాన ఒకసారి కొడితే పన్ను రెండోసారి కొట్టడమే! 2019 డిసెంబరులో మళ్లీ చట్టం చేసి సరిదిద్దారు.

సరే, మనిషి దొరకలేదు. అప్పుడేం చెయ్యాలి? చట్టం నిర్ణయించిన గడువు దాటితే సొమ్ము రాష్ట్ర ఖజానాకు అప్పజెప్పాలి. ఇది అమెరికాలో సాధారణ సూత్రం. బ్యాంకు ఖాతా, ఇన్సూరెన్స్, జీతం చెక్కు... దేనికైనా ఇంతే. చాలా రాష్ట్రాల్లో ఖజానా దాన్ని మింగెయ్యదు, యజమాని వచ్చేదాకా కాపలా కాస్తుంది. తాతగారి చెక్కుని మనవడు అడిగినా ఇస్తుంది!

మీకు తెలుసా? మన రాజ్యాంగంలోనూ ఇలాంటి మాట ఉంది. 296వ అధికరణం ప్రకారం వారసులు లేని ఆస్తి ప్రభుత్వానికి చెందుతుంది. బేవారసు అన్న మాట మనకు తిట్టు. అక్కడా ఇక్కడా చట్టానికి మాత్రం అదో అధ్యాయం!

అమెరికాలో ప్రతి 7 మందిలో ఒకరి డబ్బు ఇలా ఎక్కడో ఒక ఖజానాలో నిద్రపోతోందని ఖజానా అధికారుల సంఘమే చెబుతుంది. ఫిబ్రవరి 1వ తేదీని ఇందుకోసమే ఒక దినంగా జరుపుతారు. ప్రేమికుల దినం కన్నా 13 రోజులు ముందు, పోయిన డబ్బుల దినం!

రికార్డు కావాలా? 2012లో కనెటికట్ రాష్ట్రంలో ఒక వ్యక్తికి తన పేరు మీద మరుగున పడిన షేర్ల తాలూకు 3 కోట్ల 28 లక్షల డాలర్లు తిరిగొచ్చాయి. కరెంటు సొసైటీ చెక్కులేమో మామూలుగా పదుల్లో, మహా అయితే వందల్లో ఉంటాయి. మరీ చిల్లర మొత్తానికి చాలా సొసైటీలు చెక్కే రాయవు. చెక్కు ఖర్చు చెక్కు మొత్తాన్ని మించిపోతే ఎలా!

ఒక మనిషి ఒక రాష్ట్రంలో, కంపెనీ ఇంకో రాష్ట్రంలో, దాని ఆఫీసు మూడో రాష్ట్రంలో ఉంటే బేవారసు సొమ్ము ఏ రాష్ట్రానిది? ఈ తగువు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సన్ ఆయిల్ అనే కంపెనీ దగ్గర సుమారు 1,730 మందికి చెందాల్సిన 26,461 డాలర్ల 65 సెంట్లు ఉండిపోయాయి. 7 నుంచి 40 ఏళ్ల నాటి బాకీలు. టెక్సాస్ నాదంది, న్యూజెర్సీ నాదంది, పెన్సిల్వేనియా నాదంది, మధ్యలో ఫ్లోరిడా దూరింది. తలా 15 డాలర్ల కోసం నాలుగు రాష్ట్రాల పెద్ద ప్లీడర్లు!

1965లో తీర్పొచ్చింది. మనిషి ఆఖరి చిరునామా ఏ రాష్ట్రంలో ఉందో సొమ్ము ఆ రాష్ట్రానిది. ఇది ఎవరి వాదనో తెలుసా? చివర్లో దూరిన ఫ్లోరిడాది! ఆలస్యంగా వచ్చినవాడికే అరిటాకు నిండా వడ్డించారు. ఈ సూత్రమే ఇవాళ్టికీ నడుస్తోంది. అందుకే టెక్సాస్ సొసైటీ సభ్యుడు ఒహాయో చిరునామా ఇచ్చి మాయమైతే అతని చెక్కు ఒహాయో ఖజానాకి ప్రయాణం కట్టాల్సి వస్తుంది. మనిషి వెళ్లిన దారిలోనే డబ్బూ!

మీకు తెలుసా? సుప్రీంకోర్టు న్యాయమూర్తి కెటాంజీ బ్రౌన్ జాక్సన్ కోర్టు తరఫున రాసిన మొట్టమొదటి తీర్పు కూడా బేవారసు సొమ్ము మీదే! 2023 ఫిబ్రవరి 28న వచ్చింది. చెల్లింపు కోసం ఎవరూ తేని, మనీగ్రామ్ అనే కంపెనీ చెక్కుల డబ్బు చిన్న రాష్ట్రమైన డెలావేర్ పట్టుకుపోతోందని మిగతా రాష్ట్రాలు మొరపెట్టుకుంటే, వాటివైపే తీర్పు చెప్పారు. గూటిలో కొత్త జడ్జి, మూటలో పాత డబ్బు!

ఇప్పుడు కరెంటు సొసైటీల ప్రత్యేక దారికి వద్దాం. ఊళ్లవాళ్ల వాదన సూటిగా ఉంటుంది. "ఈ సొమ్ము మా ఊరి బిల్లుల్లో మిగిలింది. మా స్తంభాల మీద నడిచింది. దాన్ని తీసుకెళ్లి రాజధానిలో పోస్తే మాకేం ఒరిగింది?" కొన్ని శాసనసభలు ఈ మాట విన్నాయి. నా ఓటు కూడా ఆ ఊళ్లవైపే! కానీ ఒక షరతు మీద: ముందు మనిషిని నిజంగా వెతకాలి, పేరు పదిమందికీ కనబడేలా ప్రకటించాలి. ఆ తర్వాతే దానం.

టెక్సాస్ ఏం చేసిందో తెలుసా? ఆ రాష్ట్ర ఆస్తి చట్టంలో 74.3013 అనే సెక్షన్ ఉంది. దాని ప్రకారం లాభాపేక్ష లేని సహకార సంఘాలు బేవారసు సొమ్ముని ఖజానాకు పంపే బదులు పల్లె విద్యార్థుల స్కాలర్‌షిప్పులకు, పల్లెల ఆర్థికాభివృద్ధికి, కరెంటు పొదుపు పథకాలకు మళ్లించొచ్చు. తాత వదిలేసిన బల్బు డబ్బుతో పక్కింటి పిల్ల కాలేజీ చదువు!

అదే టెక్సాస్‌లో ఏటా ఖజానాకు లెక్క అప్పజెప్పే గడువు జులై 1. చాలా రాష్ట్రాల్లోనేమో నవంబరు 1. టెక్సాస్ అన్నిట్లోనూ ముందుండాలనుకుంటుంది, బేవారసు లెక్కల్లో కూడా!

జార్జియా దారి ఇంకొకటి. అక్కడ వీటిని ఎలక్ట్రిక్ మెంబర్‌షిప్ కార్పొరేషన్లు అంటారు. 5 ఏళ్లు ఎదురుచూసినా మనిషి రాకపోతే ఆ సొమ్ము ధర్మ కార్యాలకు, చదువులకు ఇచ్చే వీలు చట్టమే కల్పించింది. అడగని చెక్కు ఆకలిగొన్నవాడి పళ్లెంలోకి!

మిన్నెసోటాలో సహకార సంఘాల చట్టం 308ఎ.711 సెక్షన్ ఇంకా సరళం. "ఖజానాకి ఇస్తారా, పన్ను మినహాయింపు ఉన్న సంస్థకు ఇస్తారా? మీ ఇష్టం" అంటుంది. సర్కారే "నాకొద్దు, వాళ్లకివ్వండి" అనడం మీరెప్పుడైనా విన్నారా!

విస్కాన్సిన్ లెక్క కచ్చితం. సొమ్ము జప్తు చేసే అధికారం పాలకవర్గానికి ఉంది, కానీ సొంత ఖర్చులకు ముట్టుకోవడానికి లేదు. విద్యార్థులకు స్కాలర్‌షిప్పులో అప్పులో ఇవ్వాలి, లేదా దానధర్మాలు చెయ్యాలి. దీనికోసం అక్కడి కరెంటు సొసైటీలు ఫెడరేటెడ్ యూత్ ఫౌండేషన్ అని ఒక నిధే పెట్టుకున్నాయి. తాళం సొసైటీ చేతిలో, బీరువా పిల్లల చేతిలో!

మోంటానాలో? అక్కడా చదువుకే పెద్దపీట. కొన్ని సొసైటీల స్కాలర్‌షిప్పులు నేరుగా ఈ బేవారసు కేపిటల్ క్రెడిట్ల నుంచే వస్తాయి. ఎవరో మర్చిపోయారు, ఎవరో చదువుకున్నారు!

ఖజానాకి వెళ్లిన సొమ్మంతా రోడ్లలో కలిసిపోతుందనుకునేరు. ఫ్లోరిడాలో అది రాష్ట్ర పాఠశాలల నిధికి చేరుతుంది. ఇక నార్త్ కరొలినా రికార్డు వింటే కళ్లు తిరుగుతాయి! అక్కడి విశ్వవిద్యాలయానికి వారసులు లేని ఆస్తులు రాసిచ్చింది ఎప్పుడో తెలుసా? 1789లో! ఫ్రాన్సులో బాస్తీ కోట కూలిన ఏడాది. ఇవాళ్టికీ ఆ రాష్ట్రంలో ఈ నిధి ఫలం పేద విద్యార్థుల చదువుకే వెళ్లాలని రాష్ట్ర రాజ్యాంగమే చెబుతుంది. రెండు శతాబ్దాలు దాటినా ఎండని చెరువు!

మీకు తెలుసా? కొన్ని సొసైటీలు తప్పిపోయిన సభ్యుల పేర్లు తమ పత్రికల్లో జాబితాలుగా అచ్చేస్తాయి. చిన్నక్షరాల్లో, పేజీలకు పేజీలు. టెక్సాస్ సొసైటీల పత్రిక 1944 నుంచీ వస్తోంది, ఇప్పుడు 15 లక్షలకు పైగా ఇళ్లకు వెళ్తుంది. కొన్ని సొసైటీలైతే ఏదో ఒక వ్యాసం మధ్యలో ఒక సభ్యుడి ఖాతా నంబరు దాచేస్తాయి. మీ నంబరు మీరు పట్టుకుంటే బిల్లులో తగ్గింపు! పత్రికను మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివించడానికి ఇంతకన్నా మంచి ఉపాయం సంపాదకులెవరికీ తట్టలేదు.

సభ్యుడు చనిపోతే? వారసులు వచ్చి అడగొచ్చు. మరణ ధ్రువపత్రం, వారసత్వ కాగితం చూపిస్తే చాలా సొసైటీలు ఇంకా వంతు రాని సంవత్సరాల సొమ్ము కూడా ముందే ఇచ్చేస్తాయి. కాకపోతే 15 ఏళ్ల తర్వాత రావాల్సింది ఇవాళే ఇస్తున్నాం కాబట్టి అని కొంత తగ్గించి ఇస్తాయి. తొందరకీ ఒక ధర!

పల్లె పిల్లల మీద సొసైటీలకు ఈ మమకారం కొత్తదేం కాదు. 1957లో లిండన్ జాన్సన్, అప్పటికి సెనేటరు, షికాగోలో జరిగిన కరెంటు సొసైటీల మహాసభలో పల్లె పిల్లల్ని రాజధానికి పంపండి, దేశ జెండా దేనికి ప్రతీకో కళ్లారా చూడనివ్వండి అన్నారు. ఇప్పుడు ఏటా సుమారు 2,000 మంది పిల్లలు వాషింగ్టన్ చూసొస్తున్నారు. కరెంటు బిల్లు కట్టి పార్లమెంటు చూడటం!

ధర్మానికి బేవారసు సొమ్మే అక్కర్లేదు, చిల్లరా చాలు. ఒక లెక్క వెయ్యండి. బిల్లు ఎంతొచ్చినా పైనున్న డాలరుకి సర్ది, ఆ చిల్లరని ధర్మానికి ఇస్తే ఏడాదికి గరిష్ఠంగా ఎంత? నెలకి 99 సెంట్లు, 12 నెలలకి 11 డాలర్ల 88 సెంట్లు. దీన్ని 1989లో సౌత్ కరొలినాలోని పాల్మెట్టో ఎలక్ట్రిక్ అనే సొసైటీ మొదలెట్టింది. ఇప్పుడు వందల సొసైటీలు అదే బాటలో ఉన్నాయి. 12 డాలర్లకు 12 సెంట్లు తక్కువైన ధర్మాత్ములు!

ఊపిరి పీల్చుకోండి, ఇది మన తెలుగువాళ్లకే నచ్చే విశేషం. 1926లో అలబామా పవర్ కంపెనీ ఉద్యోగి ఒకాయన ఒక బొమ్మను సృష్టించాడు. ఒళ్లంతా మెరుపు గీతలు, ముక్కు బల్బు, చెవులు ప్లగ్గు సాకెట్లు. పేరేమిటో తెలుసా? రెడ్డి కిలోవాట్! ఇంగ్లిషులో "ఎప్పుడంటే అప్పుడు సిద్ధం" అనే అర్థంలో పెట్టిన పేరు. మనకు వినగానే కడపలోనో కర్నూలులోనో లైన్‌మన్ ఎవరో గుర్తొస్తే తప్పు మనది కాదు!

రెడ్డిగారు ప్రైవేటు కంపెనీల పక్షం. సొసైటీలు ఊరుకుంటాయా? 1950లో వాళ్లూ ఒక బొమ్మ గీయించుకున్నారు. ఒళ్లు తీగ, కాళ్లు ప్లగ్గు పుల్లలు, పేరు విల్లీ వైర్డ్‌హ్యాండ్. రెడ్డిగారి తరఫువాళ్లు "మా బొమ్మను కాపీ కొట్టారు" అని కోర్టుకెక్కారు. 1957లో అప్పీలు కోర్టు విల్లీయే గెలిచాడని తేల్చింది. రెండు బొమ్మలు కోర్టులో కొట్టుకుంటే జనం ఇళ్లలో దీపాలు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి!

ఈ అమెరికా సొసైటీల గాలి మన దాకా వచ్చిందని మీకు తెలుసా? 1969లో మన దేశంలో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పుట్టింది. అమెరికా కరెంటు సహకార సంఘాల సాంకేతిక సాయంతో దేశం మొత్తమ్మీద 5 చోట్ల ప్రయోగాత్మకంగా కరెంటు సొసైటీలు పెట్టారు. గుజరాత్‌లో కోడినార్, కర్ణాటకలో హుక్కేరి, మహారాష్ట్రలో ముళా ప్రవర, ఉత్తరప్రదేశ్‌లో లక్నో, అయిదోది మన సిరిసిల్ల! నేత మగ్గాల ఊరు, టెక్సాస్ పొలాలకు వేలు విడిచిన చుట్టం!

సిరిసిల్లలో దాన్నందరూ "సెస్" అంటారు. తెలంగాణలో ఇలాంటి సొసైటీ ఇదొక్కటే. ఆంధ్రప్రదేశ్‌లో కుప్పం, అనకాపల్లి, చీపురుపల్లి సొసైటీలూ ఆ కోవలో పుట్టినవే. సెస్ పాలకవర్గం ఎన్నికలు వస్తే ఊరంతా జెండాలే, అసెంబ్లీ ఎన్నికలకు ఏం తీసిపోదు. మీటరున్నవాడికి ఓటూ ఉంటే అంతే మరి!

ఇప్పుడు అమెరికాలో ఉన్న, ఒకప్పుడు ఉండి వచ్చిన తెలుగువాళ్లు చెవి ఇటు పడేయండి! సొసైటీలంటే ఎక్కడో మొక్కజొన్న చేల మధ్య ఉంటాయనుకుంటున్నారా? అట్లాంటా పైన కమింగ్ ఊళ్లో, ఫోర్సిత్ కౌంటీ ఇళ్లకు కరెంటిచ్చే సానీ 1938 నాటి సొసైటీ. డల్లాస్ పక్కన ఫ్రిస్కో, ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్‌లలో చాలా ఇళ్లకిచ్చే కోసర్వ్ 1937 నాటి సొసైటీ. ఆస్టిన్ పక్క సీడర్ పార్క్, లియాండర్‌లకు మనం చెప్పుకున్న పెడర్నేలెస్. వర్జీనియాలో లౌడన్ కౌంటీలో కొంత భాగానికి నోవెక్. ఒకప్పటి పొలాల మీద ఇప్పుడు మన ఉగాది పచ్చళ్లు, బతుకమ్మలు! స్తంభాలు మాత్రం ఆ రైతులు నాటిన సంఘాలవే.

అద్దె ఇంట్లో ఉన్నాం కదా, మాకేం వస్తుందనుకుంటున్నారా? ఇంటి యజమాని కాదు, కరెంటు ఖాతా ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే సభ్యులు! నలుగురు కుర్రాళ్లు ఒక అపార్టుమెంటు తీసుకుని బిల్లు పంచుకున్నా, ఖాతా తెరిచినవాడి పేరుకే కేపిటల్ క్రెడిట్ జమవుతుంది. పప్పు వండినవాడికి కాదు, గిన్నెలు కడిగినవాడికి కాదు, కనెక్షన్ అడిగినవాడికి!

వీసాల కాలంలో మనవాళ్లు మారినన్ని ఇళ్లు ఇంకెవరు మారతారు చెప్పండి? రెండేళ్లు కమింగ్, మూడేళ్లు ఫ్రిస్కో, ఆ తర్వాత సియాటిల్, చివరికి గచ్చిబౌలి. ప్రతి చోటా మీటరు తీయించారు, డిపాజిట్ వాపసు తీసుకున్నారు, ఇంటర్నెట్ డబ్బా తిరిగిచ్చారు. సొసైటీకి కొత్త చిరునామా చెప్పినవాళ్లెంతమంది? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు!

వెతకడానికి ఎంత ఖర్చో తెలుసా? సున్నా! సొసైటీ వెబ్‌సైటులో ఒకసారి, ఉన్న ప్రతి రాష్ట్రం ఖజానా వెబ్‌సైటులో ఒకసారి పేరు కొట్టి చూడటమే. "మీ డబ్బు మేం వెతికిపెడతాం" అంటూ ఫోన్ చేసేవాళ్లుంటారు. టెక్సాస్ చట్టం వాళ్ల ఫీజుకు 10 శాతం దగ్గర కళ్లెం వేసింది. మీరే వెతుక్కుంటే ఆ 10 శాతమూ మిగులే!

అయితే మన పేర్లతో ఒక తంటా ఉంది. పాస్‌పోర్టులో రెండు పేర్లూ ఒకే గడిలో రాసుండటంతో వీసా మీద "ఎఫ్‌ఎన్‌యూ" అని పడ్డవాళ్లు మనలో చాలామంది. మొదటి పేరు తెలియదు అని దానర్థం! బారసాల నాడు బియ్యంలో రాసి, చెవిలో మూడుసార్లు చెప్పిన పేరు తెలియదట! పాత కరెంటు ఖాతా ఆ మూడక్షరాల మీదే తెరిచుంటే వెతకాల్సింది వాటితోనే.

ఇంకా ఉంది. ఇంటిపేరు ముందా వెనకా? వెంకటలో చివరి అక్షరం ఉందా లేదా? లక్ష్మికి ఎన్ని స్పెల్లింగులు? సుబ్రహ్మణ్యం కంప్యూటరు గడిలో పట్టక సగంలో తెగిందా? ఒక్కో పేరునీ నాలుగైదు రకాలుగా కొట్టి చూడాలి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్లు పుట్టింటి పేరుతోనూ చూడాలి. పక్కన పాత చిరునామాలో వీధి పేరు కనబడిందా, బోణీ కొట్టినట్టే!

ఇంకొక్క ప్రశ్న, దీనికి జవాబు మీ ఇంట్లోనే ఉంది. 2005 ప్రాంతంలో మీ బాబాయో అన్నయ్యో కమింగ్‌లోనో ఫ్రిస్కోలోనో నలుగురితో కలిసి అద్దెకున్నప్పుడు, ఆ ఇంటి కరెంటు కనెక్షన్ ఎవరి పేరు మీద ఉండేది?